తొమ్మిది పేపర్లు, ఒకే బర్రె

పోయిన వారం జయమణి టీచర్ని మనం డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ విద్యాసాగర్ గారి గది బయట చెక్కబల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. తొంభై ఎనిమిది మే నెల ఎండ, తిరగని ఫ్యాను, ఒళ్లో గొడుగు. వారం రోజులుగా ఆవిడ అక్కడే ఉందనుకుని బాధపడకండి. లోపలికి పిలవడానికి పట్టింది నలభై నిమిషాలే.

ఈలోగా కొత్తగా వచ్చినవారికి రెండు ముక్కలు చెబుతాను. నాంపల్లి స్టేషను వెనక సందులో, ఒకప్పుడు ఏదో నవాబు గారి గుర్రాలు కట్టేసిన కొట్టాల్లో, ఒక సర్కారు బడి నడుస్తోంది. బోర్డు మీద పేరు రెండు వరుసలుంది కాని జనం పిలిచేది తబేలా బడి అనే. ఏడో తరగతి వరకే ఉంది. జయమణి మెదక్ నుంచి బదిలీ మీద ఇక్కడికి పెద్ద టీచరుగా వచ్చి మూడు నెలలైంది. ఏడో తరగతి కామన్ పరీక్షలో నూటికి నలభై మందైనా పాస్ కాకపోతే ఈ బడిని చాదర్‌ఘాట్ బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చి ఉంది. చాదర్‌ఘాట్ అంటే అబిడ్స్ దాటాలి, కోఠీ దాటాలి, రోజూ రెండు బస్సులు ఎక్కి దిగాలి. ఆడపిల్లల్లో సగం మంది మానేస్తారు. అది ఎవరూ లెక్కగట్టి చెప్పక్కర్లేదు, ఆవిడకే తెలుసు.

మొన్న ఫలితాలొచ్చాయి. పరీక్ష రాసింది ముప్ఫై నలుగురు. పాసైంది పన్నెండు మంది, తప్పింది పదముగ్గురు. మిగిలిన తొమ్మిది నంబర్ల ఎదురుగా మార్కులు లేవు. 'విత్‌హెల్డ్' అన్న ఒక్క ముక్క ఉంది. ఆ తొమ్మిది మందీ పాసైతే బడి నిలుస్తుంది, లేకపోతే లేదు. ఇదీ సంగతి. ఇక లోపలికి పదండి.

విద్యాసాగర్ గారికి నలభై దాటి ఉంటాయి. మాట తక్కువ, దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆయన కుర్చీ చూపించి, జిరాక్సు కాగితాల కట్ట ఒకటి ఆవిడ ముందుకు జరిపాడు.

"తెలుగు పేపరు, ఆరో ప్రశ్న. నుమాయిష్ ఎగ్జిబిషన్ చూసిన విశేషాలు తెలుపుతూ మిత్రునికి లేఖ. చదవండి మేడమ్."

మొదటి కాగితం షమీమ్‌ది. ముందు బెంచీలో కూర్చునే పిల్ల. తండ్రి స్టేషన్లో కూలీ. గుండ్రటి అక్షరాలతో ఇట్లా రాసింది:

"ప్రియమైన రశ్మికి, నాంపల్లి నుండి షమీమ్ శుభం కోరి వ్రాయునది. ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమందరమూ క్షేమము. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాము. ముఖ్యముగా వ్రాయునది ఏమనగా, నేను నుమాయిష్‌కు పోయి పెద్ద చక్రం ఎక్కినాను. మిర్చిబజ్జీ తిన్నాను. మన దిక్కు వానలు పడినవా లేదా, బావిలో నీళ్లు ఉన్నవా లేదా, బర్రె ఈనినదా లేదా, ఈనితే పెయ్యదూడా దున్నదూడా, అన్నీ వివరముగా తెలుపగలరు. ఈ జాబు అందిన వెంటనే తిరుగు టపాలో జవాబు వ్రాయగలరు."

రెండో కాగితం ఆ రశ్మిదే. రశ్మి షమీమ్‌కి రాసింది. రశ్మి జెయింట్ వీల్ ఎక్కలేదు, మౌత్ కా కువాలో మోటారుసైకిళ్లు గోడ మీద తిరగడం చూసింది. అయితే షమీమ్ వాళ్ల బర్రె ఈనిందా లేదా అని మాత్రం తప్పకుండా అడిగింది. మూడో కాగితం బబ్లూది. అందులోనూ బర్రె ఉంది. నాలుగు, అయిదు, ఆరు, అలా తొమ్మిదింటిలోనూ వానలు, బావి, బర్రె.

జయమణికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గొడుగు పిడి గట్టిగా పట్టుకుని ఆపుకుంది.

"ఈ తొమ్మిది మందిలో ఎవరింట్లోనైనా బర్రె ఉందా?" అన్నాడు విద్యాసాగర్.

'మేముండేదే తబేలాలో కదా సార్' అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. "లేదు సార్."

"మీకు నవ్వొస్తోంది. దిద్దినాయనకు రాలేదు. మాస్ కాపీయింగ్ అని ఎర్ర సిరాతో రాసి పైకి పంపాడు."

"వీళ్లు మూడు గదుల్లో వేర్వేరుగా కూర్చున్నారు సార్. ఒకరి పేపరు ఒకరికి కనబడదు."

"అదే ఇంకా ముప్పు తెచ్చింది. ఒకే గది అయితే పిల్లలు చూసి రాశారనేవారు. మూడు గదులంటే బయటినుంచి చీటీ వచ్చిందంటున్నారు, టీచర్లే ఇచ్చారంటున్నారు." ఆయన మరో కాగితం తీశాడు. "మార్కులు చూడండి. తెలుగులో మీ బడిలో మిగతావాళ్ల సగటు ముప్ఫై నాలుగు. ఈ తొమ్మిది మందికీ డెబ్బై పైనే. పోనీ వీళ్లంతా తెలుగిళ్ల పిల్లలా అంటే అదీ కాదు. ఉర్దూ మాట్లాడేవాళ్లు ముగ్గురు, మరాఠీ ఒకరు, మార్వాడీ ఒకరు, లంబాడీ ఒకరు. ఇంట్లో తెలుగు మాట్లాడేది ముగ్గురే. తెలుగు పిల్లలకు రాని తెలుగు వీళ్లకెట్లా వచ్చింది?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో జయమణికి భయంకంటే కుతూహలమే ఎక్కువ పుట్టింది. ఆవిడ గుణం అంత. చిన్నప్పుడు చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఎవరెవరు కళ్లు తెరిచారో చూడ్డానికి కళ్లు తెరిచేది.

"రేపు సాయంత్రం నాలుగు దాకా టైముంది," అన్నాడు ఆయన. "కాపీ జరిగిందని మీరు రాసిస్తే ఈ తొమ్మిది మందీ తప్పినట్టు. బడి సంగతి మీకు తెలుసు. జరగలేదంటారా, అయితే ఈ ఉత్తరం ఎక్కడినుంచి వచ్చిందో చూపించండి. మా పిల్లలు మంచివాళ్లని రాస్తే సరిపోదు. నాకు మనిషో, కాగితమో, ఏదో ఒక ఆధారం కావాలి."

ఆవిడ కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని లేచింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"తిరుగు టపాలో జవాబు వ్రాయగలరు," అన్నాడు, తనలో తను చదువుకుంటున్నట్టు. "ఈ ఉత్తరం చదివి వినిపించిన వారికి కూడా మా నమస్కారములు."

"వెళ్లొస్తాను సార్," అంది జయమణి.

ఆయన తల తిప్పలేదు.

సెలవుల్లో బడి చూస్తే జాలేస్తుంది. గదుల నిండా పావురాలు చేరాయి. అటెండర్ అంజయ్య బీరువా తెరిచి అడ్మిషన్ రిజిస్టర్లు తెచ్చి బల్ల మీద పెట్టి, పైపంచెతో దుమ్ము దులిపి, ఆ దుమ్మంతా టీచరమ్మ మీదే పడిందని చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఏం దేవులాడుతున్నరు పెద్ద టీచరమ్మా?"

"ఈ తొమ్మిది మందికీ కలిసేది ఏందో చూడాలి అంజయ్యా. మిగతా ఇరవై అయిదు మందిలో లేనిది, వీళ్లలో ఉన్నది."

గోడకున్న పాత చార్టు ఊడదీసి, దాని వెనక తెల్లగా ఉన్న వైపు ముప్ఫై నాలుగు పేర్లూ రాసింది. తొమ్మిదింటికి చుట్టూ గీత గీసింది. పక్కన గడులు గీసింది. మతం గడి నింపింది, కలవలేదు. కులం నింపింది, అదీ కలవలేదు. ఎస్సీలిద్దరు, ఎస్టీ ఒకరు, బీసీ ఒకరు, ఓసీ ఒకరు, ముస్లిములు ముగ్గురు, క్రిస్టియన్ ఒకరు. ప్రతి సంవత్సరం సర్కారుకు పంపే లెక్కల్లో ఉండే గడులన్నీ ఆ తొమ్మిది మందిలోనే ఉన్నాయి. ఒకే బస్తీ వాళ్లేమో అని చూసింది. ఒకరు మల్లేపల్లి, ఒకరు ఆగాపురా, ఒకరు స్టేషను పక్క గుడిసెలు. తండ్రుల పని చూసింది. ఒకాయన కూలీ, ఒకాయన వాచ్‌మన్, ఒకాయన మొజంజాహీ మార్కెట్లో బండి మీద జామపండ్లు అమ్ముతాడు, ఒకాయన మిఠాయి దుకాణంలో వంటవాడు. హాజరు చూసింది. అందరిలాగే వీళ్లూ శనివారాలు ఎగ్గొట్టారు.

మధ్యాహ్నం రెండైంది. జయమణి తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరవనేలేదు. మెదక్‌లో ఉండగా ఒకసారి ఇలాగే ఒక క్లాసు లెక్కల మార్కులు ఎందుకు పడిపోయాయా అని వెతికితే, నల్లబల్ల మీద ఎండ పడి పిల్లలకు అంకెలు కనబడడంలేదని తేలింది. అంతా ఉపాధ్యాయుణ్ని తిడుతుంటే ఆవిడ వెళ్లి కిటికీకి గోనెపట్టా కట్టించింది. ఏదో ఒకటి ఉంటుంది, మనం చూడని వైపు ఉంటుంది, అని ఆవిడ నమ్మకం.

"గా జూన్ నెలను ఎందుకు అన్నిసార్లు రాసిన్రమ్మా?" అన్నాడు అంజయ్య, చార్టు మీద వంగి. పుట్టినతేదీ గడి నింపడం ఆవిడ అప్పుడే మొదలుపెట్టింది.

"నేను రాయడమేంది, రిజిస్టర్లో అదే ఉంది."

జూన్ ఒకటి. జూన్ పన్నెండు. జూన్ అయిదు. మళ్లీ జూన్ ఒకటి.

అంజయ్య పకపకా నవ్వాడు. "ఔనౌను! పాత పెద్దసారు గట్లనే ఏస్తుండె. తల్లిదండ్రులను పుట్టినదినం అడిగితే తెల్వదంటరు. బడి తెరిచేది జూన్‌ల, అయిదేండ్లు నిండాలె. లెక్కకు మంచిగుంటదని జూన్‌ల పుట్టించేస్తుండె. మన తబేలా బడి పిల్లగాండ్లంత జూన్‌లనే పుట్టిన్రు!"

జయమణి కూడా నవ్వింది. ఆవిడ పుట్టినతేదీ మిషన్ దవాఖాన పుస్తకంలో గంట, నిమిషంతో సహా ఉంది కాబట్టి ఇలాంటిదొకటి ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు. నవ్వుతూనే గడి నింపుకుంటూ వచ్చింది. జూన్, జూన్, జూన్. షమీమ్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

అక్టోబర్ పదిహేడు.

బబ్లూ, మార్చి నాలుగు. రశ్మి, ఆగస్టు ఇరవై మూడు. ఆవిడ ఇప్పుడు వరుసగా కాకుండా, చుట్టూ గీత గీసిన పేర్ల మీదికే గబగబా పోయింది. నవంబర్. జనవరి. ఏప్రిల్. తొమ్మిది మందిలో ఒక్కరూ జూన్‌లో పుట్టలేదు. గీత లేని ఇరవై అయిదు మందిలో ఒక్కరూ జూన్ తప్ప మరో నెలలో పుట్టలేదు.

మతం, కులం, భాష, బస్తీ, ఏవీ కలపలేని పిల్లల్ని పుట్టినరోజు కలిపింది. మరి వీళ్లకు మాత్రమే అసలు పుట్టినరోజు ఎక్కడ దొరికింది? అక్షరమ్ముక్క రాని కూలీకి, కూతురు అక్టోబర్ పదిహేడున పుట్టిందని ఎవరు చెప్పారు?

"అప్లికేషన్లు ఉన్నాయా అంజయ్యా? చేరినప్పుడు ఇచ్చినవి?"

"ఎలుకలు తిన్నంక మిగిలినయి ఉన్నయ్."

ఎలుకల దయ వల్ల తొమ్మిదీ మిగిలాయి. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పరిచింది. మిగతా పిల్లల అప్లికేషన్లు బడిలోనే ఎవరో టీచరు గెలికినవి. ఈ తొమ్మిదీ మాత్రం ఒకే చేతి రాత. నీలం సిరా, నిలువుగా నిలబడ్డ అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. కింద తండ్రి వేలిముద్ర, దాని పక్కన సన్నగా 'వ్రాసినవారు: రా. న.'

అంజయ్య మెడ సాచి చూశాడు. "గిది రాజనర్సు తాత రాత గదా! అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు గోడకు కూసుండి ఉత్తరాలు రాస్తడు. నా పెండ్లి సంబంధం ఉత్తరం గూడ గాయ్‌నే రాసిండు."

"పిల్ల ఒప్పుకుందా?"

"గా ఉత్తరానికి ఒప్పుకుంది. నన్ను చూసినంక జర సోచాయించింది," అన్నాడు అంజయ్య.

జయమణి గొడుగు తీసుకుంది. పులిహోర డబ్బా అంజయ్యకిచ్చేసింది.

మొజంజాహీ మార్కెట్ దగ్గర మామిడిపండ్ల బండ్లు రోడ్డు సగం ఆక్రమించుకుని ఉన్నాయి. ఐస్‌క్రీం దుకాణాల ముందు జనం. మామూలుగా అయితే అక్కడ ఆగేదే, ఆవిడకు సీతాఫలం ఐస్‌క్రీం అంటే ప్రాణం. ఇవ్వాళ ఆగలేదు. ఆటోల మధ్య నుంచి దూరి, చెమటలు కక్కుతూ పోస్టాఫీసు దగ్గరికి చేరింది.

గోడ నీడలో నల్లగొడుగు ఒకటి, దాని కింద చెక్కపెట్టె. పెట్టె ముందు గొంతుక్కూర్చున్న మనిషి పాలమూరు నుంచి బిల్డింగు పనికొచ్చిన కూలీలా ఉన్నాడు. చేతులకు సిమెంటు ఇంకా ఉంది. పెట్టె వెనక గోడకానుకుని డెబ్బై ఏళ్ల ముసలాయన. రెండు కళ్లలోనూ తెల్లటి పొర. ఆయన చేతిలో కలం లేదు. కలం ఉన్నది ఆయన పక్కన, పెట్టె మీద ఇన్‌లాండ్ కవరు పరుచుకుని రాస్తున్న పిల్ల చేతిలో.

"వానలు పడినవా లేదా రాసినవా బిడ్డా?" అన్నాడు ముసలాయన.

"రాసిన తాతా. బావి గూడ రాసిన."

"బర్రె?"

"గదే రాస్తున్న." పిల్ల కూలీ వైపు తిరిగింది. "మీకు బర్రె ఉందా అన్నా?"

"ఉంది, ఉంది. సూడిది," అన్నాడు ఆ మనిషి. ఇంటి మాట వినబడేసరికి మొహం వెలిగింది.

జయమణి అక్కడే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి కారణం ఎండా, దుమ్మా అంటే నేను ఒప్పుకోను. ఆవిడకు సంతోషం వేసింది, అంతే.

షమీమ్ తలెత్తి చూసి ఒక్క ఉదుటున లేచింది. "మేడమ్! సలామ్ మేడమ్! మా రిజల్ట్ వచ్చిందా మేడమ్?"

"ముందు ఆయన ఉత్తరం పూర్తి చెయ్యి. ఆయన బర్రె సంగతి మధ్యలో ఆపకు."

కూలీ ఉత్తరం తీసుకుని డబ్బాలో వేయడానికి వెళ్లాక, జయమణి పెట్టె ముందు ఆయన కూర్చున్న చోటే కూర్చుంది. తను ఎవరో చెప్పింది. రాజనర్సు చేతులు జోడించాడు.

"కూసో బిడ్డా, కూసో. ఉర్దూల రాయాల్నా, తెలుగులనా?"

"రాయడానికి రాలేదు పెద్దయ్యా, అడగడానికి వచ్చిన. ఈ పిల్లలు ఎప్పటినుంచి మీకు రాసిపెడుతున్నరు?"

"నాలుగేండ్లాయె. మోతిబిందు వచ్చింది నాకు. మొదట ఒక కన్ను, పిదప రెండోది. అక్షరం ఆనదు. ఇగ పెట్టె మూసుకోని పోదామనుకున్న. గప్పుడు ఈ పిల్ల వచ్చి, తాతా నువ్వు చెప్పు, నేను రాస్తనన్నది. దీని ఎనక ఇంకొకలు, ఇంకొకలు. తొమ్మిది మందైన్రు. వంతులేసుకోని వస్తరు."

శనివారాలు ఎగ్గొట్టేది ఎక్కడికో జయమణికి అప్పుడర్థమైంది. అడగాల్సింది ఇంకొకటి ఉంది.

"వీళ్ల పుట్టినరోజులు మీకెట్లా తెలుసు?"

ముసలాయన నవ్వాడు. పైన రెండు పళ్లే ఉన్నాయి. "కారటు చెప్పింది."

"కార్డా?"

"ఔ. కానుపుకు ఆడోళ్లు తల్లిగారింటికి పోతరు. మొగోడు గీడనే పని చేస్కుంటుంటడు. బిడ్డ పుడితే ఊరికెళ్లి కారటు వస్తది. చదువుడు రాదు గద, నా కాడికి తెచ్చి చదివిపిచ్చుకుంటరు. నేను చదివి చెప్పుకుంట ఒక్కటే మాట అంటుంటి. అరే, ఈ కారటు పారెయ్యకు, తీగకు గుచ్చి పెట్టు, రేపు బిడ్డను బడిల ఏసెతందుకు పనికొస్తది అని. వందమందికి చెప్పిన. తొమ్మిది మంది దాచిన్రు."

"మాది ఇంకా ఉంది మేడమ్," అంది షమీమ్. "జుమేరాత్ నాడు తెల్లారంగ ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా మంచిగున్నరు అని మా నానీ రాయించింది. దాని మీద జహీరాబాద్ ముద్ర, పంతొమ్మిది తారీఖుది. తాత వేళ్లతో ఎనక్కి లెక్కవెట్టి, గురువారమంటే పదిహేడన్నడు."

బిడ్డ పుట్టిన కార్డును తీగకు గుచ్చి అయిదేళ్లు దాచిన ఇల్లు. ఆ పిల్ల చదువు మొదలైంది ఒకటో తరగతిలో కాదు, ఆ తీగ దగ్గర. ప్రతి సంవత్సరం పైకి పంపే లెక్కల్లో దీనికి గడి లేదు.

"షమీమ్, పరీక్షలో రశ్మి వాళ్ల బర్రె గురించి ఎందుకడిగినవు?"

షమీమ్ ఆశ్చర్యంగా చూసింది. "లెటర్ల అడగాలె కద మేడమ్? అడగకపోతే వాళ్లకు ఫికర్ లేదనుకుంటరు. రశ్మికి బర్రె లేదని నాకెర్కే. కానీ లెటర్ అంటే గట్లనే ఉంటది కద!"

కలం తాత చేతికిస్తూ నెమ్మదిగా అంది. "పాసైతే గర్ల్స్ హైస్కూల్ల ఎనిమిదిల ఏస్తనన్నడు అబ్బా. ఫెయిలైతే మా మేనత్త ఫుప్పూతోటి కుట్టు కార్ఖానాకు పొమ్మన్నడు. జూన్ ఒకటి నుంచి. రిజల్ట్ ఎందుకొస్తలేదు మేడమ్?"

జూన్ ఒకటికి ఆరు రోజులుంది.

"రేపు వస్తది," అంది జయమణి. ఏ ధైర్యంతో అందో ఆవిడకే తెలియదు. ముసలాయన వైపు తిరిగింది. "పెద్దయ్యా, రేపు నాలుగింటికి మా ఆఫీసుకు వచ్చి ఈ మాటే ఒక సార్‌కు చెప్పాలి. ఈ పిల్లలు కాపీ కొట్టలేదు, నేను నేర్పిన ఉత్తరమే రాసిన్రు అని. వస్తరా?"

"మెట్లు ఎన్నున్నయ్?"

"పద్దెనిమిది."

"షమీమ్ చెయ్యి పట్టుకుంటది. వస్త."

జయమణి సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. ఆధారం కావాలన్నాడు కదా ఆ సారు, ఇదిగో, మనిషీ కాగితమూ రెండూ. "మీరు నేర్పిన ఉత్తరం మొదటినుంచి చివరిదాకా ఒకసారి చెప్పండి, రాసుకుంటా."

రాజనర్సు గొంతు సవరించుకుని చెప్పాడు. ఉభయ కుశలోపరి, క్షేమం, వానలు, బావి, బర్రె. "ఈ జాబు అందిన వెంటనే తిరుగు టపాలో జవాబు వ్రాయగలరు. గంతే."

"ఇంకొకటుంది కదా," అంది జయమణి రాస్తూనే. "ఈ ఉత్తరం చదివి వినిపించిన వారికి కూడా మా నమస్కారములు."

ముసలాయన తెల్లబడ్డ కళ్లు ఆవిడ గొంతు వచ్చిన వైపు నిలిచిపోయాయి.

"గది నీకెవలు చెప్పిన్రు బిడ్డా?"

"పిల్లల పేపర్లలో ఉంది కదా."

"లేదు మేడమ్," అంది షమీమ్. "తాత మాకది నేర్పలే. నేను ఇప్పుడే ఇంటున్న."

జయమణి జిరాక్సు కాగితాలు తీసి పెట్టె మీద పరిచింది. షమీమ్‌ది 'జవాబు వ్రాయగలరు' దగ్గర ఆగిపోయింది. రశ్మిదీ అంతే. బబ్లూదీ అంతే. గాలికి ఎగరకుండా మోచేత్తో అదిమి పట్టుకుని తొమ్మిదీ చూసింది. ఆ వాక్యం ఒక్కదాంట్లోనూ లేదు.

"గా ముచ్చట నేను ఆపేసి పదిహేనేండ్లాయె," అన్నాడు రాజనర్సు. "ఎన్కట ఊరంతటికి చదువొచ్చినోడు ఒక్కడుంటుండె. పటేలో, పంతులో. ఆయన్ని బతిలాడి చదివిపిచ్చుకుందురు. అందుకే గాయనకు గూడ దండం పెట్టిస్తుంటి. పిదప ఇంటింటికి ఒక పిల్లనో పిల్లగాడో బడికి పోవుడు షురువైంది. ఇంట్లోళ్లకు దండమెందుకని తీసేసిన. గీ పిల్లలకు గది తెల్వదు. గంతకు ముందు నా పెట్టె కాడ కూసుండి రాసినోళ్లకే తెలుస్తది."

"అంతకు ముందు కూడా పిల్లలు రాసేవారా?"

"నా కండ్లు మంచిగున్నప్పుడు గూడ ఒక్కడుండె. చాన ఏండ్ల కింద. వాడు రాసేది నా కోసం గాదు, దస్తూరి మంచిగ కావాలెనని."

జయమణికి విద్యాసాగర్ గారి గది గుర్తొచ్చింది. కాగితాలు తన సంచీలో ఉన్నాయి. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. చదువుతున్నాడని తను అనుకుంది. చదవడానికి ఆయన ముందు ఏమీ లేదు.

ఆ ఉత్తరం ఎక్కడిదో తెలిసీ తనను బయట నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు. తెలిసీ ఎక్కడినుంచి వచ్చిందో చూపించమన్నాడు. ఎందుకు?

"ఎవలమ్మా గా మాట చెప్పింది?" అన్నాడు ముసలాయన.

"రేపు మీరు ఎవరికి సాక్ష్యం చెప్పాలో ఆ సారే పెద్దయ్యా. మా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్."

రాజనర్సు ఆ సారు పేరు అడగలేదు. చేత్తో తడుముకుంటూ పెట్టె మూత తీసి, కలాన్ని లోపల జాగ్రత్తగా పెట్టి, మూత వేశాడు.

"రేపు పొయ్యినంక గా సారును పుట్టినదినం ఎప్పుడో జర అడుగు బిడ్డా," అన్నాడు. "జూన్‌ల మాత్రం ఉండదు."